ఇళ్లలో ఉన్న పుస్తకాలు

పొదటూరుపేట మగ్గాల వీధుల్లో నాలుగేళ్లుగా ఒక మాట తిరుగుతోంది. మా స్కూలు లైబ్రరీ చూసుకున్న టీచరు అక్కడి తెలుగు పుస్తకాలను పాత పేపర్ల కొట్టుకు వేసేసిందని. ఆ మాట అబద్ధం. ఆమె ఒక్క పుస్తకం అమ్మలేదు, ఒక్కటి పోగొట్టలేదు. పుస్తకాలు పోయాయని మొదట చెప్పింది కంప్యూటర్. కంప్యూటర్ చేత అలా చెప్పించినవాణ్ని నేను. అది తప్పని తెలిశాక కూడా నోరు విప్పలేదు. ఆమె పేరు పోయింది, నా ఉద్యోగం నిలిచింది. జరిగింది జరిగినట్టు చెప్పడానికి ఇది రాస్తున్నాను.

నాకిప్పుడు నలభై తొమ్మిదేళ్లు. పట్టాభిరామ్‌లో ఒక చిన్న కంపెనీలో పదిహేనేళ్లు కంప్యూటర్లు బాగుచేశాను. అది మూతపడ్డాక సొంత ఊరికి వచ్చి, మా ఊరి ఎయిడెడ్ స్కూల్లో కంప్యూటర్ల పని చూసే ఉద్యోగంలో చేరాను. ఊరు తమిళ రాష్ట్రంలో ఉన్నా, ఒకప్పుడు అది తెలుగు స్కూలు. నా చిన్నప్పటికే తెలుగు తరగతులు తగ్గిపోయాయి, మా ఇంట్లో నన్ను తమిళ మీడియంలో వేశారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది రాసేది తమిళం. మా వీధిలో నా వయసువాళ్లందరూ ఇంతే. ఎవరూ దీన్ని లోటనుకోలేదు. నేనూ అనుకోలేదు, ఆ ఉద్యోగంలో చేరేదాకా.

స్కూలు లైబ్రరీ ఒకటే గది. ఎనిమిది బీరువాలుంటే అయిదు తెలుగువి. వాటిని చూసుకునే ఆమె నాకంటే పదేళ్లు పెద్ద. రోజూ తిరుత్తణి నుంచి బస్సులో వచ్చేది. పిల్లలు లైబ్రరీ టీచర్ అనేవాళ్లు, నేను అక్కా అని పిలిచేవాణ్ని. పిల్లల్లో తెలుగు చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు. అయినా ఆ అయిదు బీరువాలు ఎప్పుడూ సగం ఖాళీగానే ఉండేవి. ఎందుకంటే ఆ పుస్తకాలు పిల్లలకు కావు, వాళ్ల ఇళ్లకు. పిల్ల చేతిలో పుస్తకం పెట్టి పంపిస్తే, ఇంట్లో అవ్వో తాతో మగ్గం పని ఆగినప్పుడు చదువుకునేవాళ్లు. అయిపోతే పక్కింటికి ఇచ్చేవాళ్లు. పక్కింట్లో ఇచ్చామని ఆ ఇంటి పిల్ల వచ్చి టీచరుకు చెప్పేది, ఆమె నోటు పుస్తకంలో రాసుకునేది. అలా ఒక పుస్తకం ఏడాదంతా వీధిలోనే తిరిగేది. సరస్వతీ పూజ రోజున మాత్రం అన్ని ఇళ్లవాళ్లూ పసుపు కుంకుమ పెట్టిన పుస్తకాలను తెచ్చి స్కూలు పూజలో పెట్టేవాళ్లు. మర్నాడు మళ్లీ పంచేవాళ్లు. ఏడాదికి ఆ ఒక్కరోజే పుస్తకాలన్నీ ఒకచోట ఉండేవి. ఆరోజే ఆమె వాటిని లెక్క చూసుకునేది. మా అమ్మ కూడా అలా చదివేదే. మా ఇంట్లో ఎప్పుడూ ఆ లైబ్రరీ పుస్తకాలు రెండైనా ఉండేవి. అంటే ఈ పద్ధతి నాకు తెలియదని నేను ఎవరికీ చెప్పుకోలేను.

జిల్లా కేంద్రం తిరువళ్లూరులో స్కూళ్లవాళ్లకు రెండు రోజుల శిక్షణ పెట్టినప్పుడు కరస్పాండెంట్ నన్ను పంపారు. మా స్కూలును నడిపేది ఆయనే. ఆర్.కె.పేట వైపు వ్యవసాయ కుటుంబం. అక్కడ నేను మొదటిసారి లైబ్రరీల కోసం తయారైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ చూశాను. దాన్ని ఎవరైనా ఊరికే తెచ్చి పెట్టుకోవచ్చు. లోపల ఎలా రాశారో విప్పి చూడవచ్చు, మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ఏదైనా అర్థం కాకపోతే ఎక్కడో ఏ దేశంలోనో ఉన్నవాళ్లు అడగ్గానే జవాబు రాస్తారు. కంపెనీలో ఉన్నన్నాళ్లూ తాళం వేసిన సాఫ్ట్‌వేర్లతోనే వేగిన నాకు అది ఎంతో నచ్చింది. పాత కంప్యూటర్ ఒకటి తుడిచి, ఆ సాఫ్ట్‌వేర్‌ను అందులో పెట్టి, నడుస్తున్నట్టు కరస్పాండెంట్‌కు చూపించాను.

"బాగుండాది గదప్పా. ఎన్నాళ్లు పడతాది?" అన్నారు.

"మూడు నెలలు సార్."

"వేసవి సెలవుల్లో తిరువళ్లూరు నుంచి తనిఖీకి వస్తా ఉండారు. అప్పటికి అంతా కంప్యూటర్‌లో ఉండాల."

పుస్తకాల పేర్లన్నీ పెద్ద రిజిస్టరులో ఉన్నాయి, తెలుగులో. అక్క చదివి చెప్పేది, నేను టైపు చేసేవాణ్ని. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెరమీద తెలుగు అక్షరాలు పడతాయి. కాబట్టి చెవికి వినబడింది కొట్టుకుంటూ పోతే చాలు, చదవడం రానక్కరలేదు. పడింది సరిగ్గా పడిందో లేదో నాకు తెలిసేది కాదు. "చూడక్కా, సరేనా?" అని తెర ఆమెవైపు తిప్పేవాణ్ని, ఏదో మర్యాదకు అడిగినట్టు. ఆమె కళ్లద్దాలు పైకి తోసుకుని చూసి "ఊఁ, సరిపొయ్యింది" అనేది, లేకపోతే "ఇక్కడ దీర్ఘం పెట్టు నాయనా" అనేది. నాకు తెలుగు చదవను రాదని ఆమెకు నేను చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. తెలుగు లైబ్రరీని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నవాడిగా స్టాఫ్ రూములో నాకు పేరొచ్చింది. ఆ పేరు నాకు బాగుంది.

రిజిస్టరు పూర్తయ్యింది. ప్రతి పుస్తకానికి రిజిస్టరులో ఉన్న పాత నంబరుతోనే ఒక బార్‌కోడ్ స్టిక్కరు తయారైంది. బీరువాల్లో ఉన్నవాటికి అంటించాము. ఇళ్లలో ఉన్నవాటి స్టిక్కర్లు అలాగే కాగితాల మీద మిగిలిపోయాయి. మిగిలిన పని ఒకటే. అక్క నోటు పుస్తకంలో ఉన్న ఇళ్ల లెక్కంతా ఎక్కించి, ఏ పుస్తకం ఎవరింట్లో ఉందో సాఫ్ట్‌వేర్‌కు చెప్పడం. అది చెప్పకపోతే బీరువాలో లేని పుస్తకం ఎక్కడుందో దానికి తెలిసే దారి లేదు.

సరిగ్గా అప్పుడే అక్కకు టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు రాలేదు. ఫోన్ చేసి అడిగింది.

"నోటు పుస్తకం నువ్వొక్కడివే చెయ్యగలవా, నేను వచ్చేదాకా ఆపుతావా?"

"నేను చేసేస్తానక్కా. నువ్వు ఒళ్లు చూసుకో."

"నా రాత కొంచెం కోడిగీతలుగా ఉంటాది."

"పరవాలేదక్కా, అర్థమైతాది."

ఫోన్ పెట్టాక నోటు పుస్తకం తెరిచాను. ఇంట్లో అమ్మ చేతిలో చూసిన అచ్చు అక్షరాలే నాకు బొమ్మల్లా కనబడేవి. ఇది చేతిరాత. అంకెలు తప్ప ఏదీ తెలియలేదు. ఆ అంకెల్లో పుస్తకం నంబర్లు ఏవో, ఇంటి నంబర్లు ఏవో, తారీఖులు ఏవో కూడా తెలియలేదు. నోటు పుస్తకం మూసి బీరువాలో పెట్టాను. అక్క వచ్చాక ఏదో ఒకటి చెప్పి మళ్లీ ఇద్దరం కూర్చుని చేయవచ్చనుకున్నాను. మరుసటి వారం కరస్పాండెంట్ అడిగారు, అంతా ఎక్కించావా అని. ఎక్కించాను సార్ అన్నాను.

అయితే ఒకసారి పుస్తకాలన్నీ సరిచూసి రిపోర్టు తియ్యమన్నారు. స్కానర్ పట్టుకుని బీరువాల్లో ఉన్న ప్రతి పుస్తకాన్నీ చదివించాను. సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసింది. బీరువాలో లేనివి, ఎవరికీ ఇచ్చినట్టు లెక్క లేనివి అన్నిటినీ ఒక జాబితాగా ఇచ్చింది. తెలుగు పుస్తకాల్లో సగానికి పైగా అందులో ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా 'కనబడలేదు' అని.

నిజానికి నాకు అర్థం కాలేదని కాదు. అర్థం కాలేదని నాకు నేను చెప్పుకోవడానికి, ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు మాట్లాడుకునే ఫోరంలో ప్రశ్న రాశాను. సగం పుస్తకాలు కనబడలేదని వస్తున్నాయి, ఏదైనా దోషమా అని. ఆరోజు సాయంత్రానికే ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు జవాబు రాశారు. 'ఇప్పటికే బయటికి వెళ్లి ఉన్న పుస్తకాలను ముందుగా ఎక్కించారా?' అంతే, ఒకటే వాక్యం. చదివి మూసేశాను. ఆ ప్రశ్నకు ఈరోజుకీ నేను జవాబు రాయలేదు.

మర్నాడు కరస్పాండెంట్ నా గదికి వచ్చి నా భుజం మీదుగా తెర చూశారు.

"ఏంపా ఇది? ఇన్ని లేవా?"

చూడాలి సార్ అన్నాను. ఆయన ఆ జాబితాను ప్రింటు తీసుకుని వెళ్లిపోయారు.

అక్క జ్వరం తగ్గి వచ్చిన రోజే పిలిపించారు. ఆమె ఇంకా నీరసంగా ఉంది. గదిలో ముగ్గురమే. ఆయన బల్ల మీద ఆ కాగితాలు పెట్టారు.

"ఈ పుస్తకాలంతా యాడికి పొయ్యినాయమ్మా?"

ఆమె కాగితాలు చూసింది. భయపడలేదు. కొంచెం నవ్వినట్టు కూడా ఉంది.

"యాడికీ పోలేదు సార్. ఇండ్లల్లో ఉండాయి. సరస్వతి పూజకి వస్తాయి."

"పూజకీ కంప్యూటర్‌కీ ఏం సంబంధమమ్మా? తనిఖీకి వచ్చేవాళ్లకి పూజకి రండి అని చెప్పేదా?"

"ఎవరింట్లో ఏముండాదో అంతా రాసినాను సార్. ఈ అబ్బాయి కంప్యూటర్‌లో ఎక్కించినాడు గదా. నోటు పుస్తకం కూడా ఉండాది." ఆమె వెళ్లి బీరువాలోంచి తెచ్చి బల్ల మీద పెట్టింది.

కరస్పాండెంట్ తెరిచి రెండు పేజీలు తిప్పారు. ఆయనదీ మా ఇంటి సంగతే. ఇంట్లో తెలుగు, చదువు తమిళం. కానీ ఆ కుర్చీలో కూర్చుని ఆయన ఆ మాట అనలేరు. పుస్తకాన్ని నావైపు తోశారు.

"నువ్వు చూసి చెప్పప్పా. తెలుగు ఎక్కించినవాడివి. ఇందులో కణక్కు సరిగ్గా ఉందా?"

నేను నోటు పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. ఒక పేజీ చూశాను. ఇంకో పేజీ చూశాను. వేలు పెట్టి వరుసల మీదుగా కిందికి పోనిచ్చాను. బయట పవర్‌లూమ్‌ల చప్పుడు వినిపిస్తోంది. అక్క నన్నే చూస్తోంది. ఆ గదిలో ముగ్గురం తెలుగువాళ్లం, ఆ పుస్తకాన్ని చదవగలిగింది ఒక్కరే, ఆ ఒక్కరి మీదే తప్పు మోపాం. చదవను రాదు సార్ అని మూడు మాటలు అంటే సరిపోయేది. అలా అంటే మరి ఎక్కించానని ఎందుకు చెప్పావని అడుగుతారు. మూడు నెలలు నువ్వు చేసిందేంటి అని అడుగుతారు.

"సరిగ్గా లేదు సార్" అన్నాను. "ఈ లెక్క కంప్యూటర్‌తో కుదరలేదు."

అక్క నా మీదినుంచి చూపు తిప్పి కరస్పాండెంట్‌తో అంది:

"సరస్వతి పూజ దాకా ఆగండి సార్. అయిదు నెలలే గదా."

"సుమ్మా సుమ్మా అదే మాట చెప్పద్దమ్మా."

తన ఆధీనంలో ఉండగా పుస్తకాలు కనబడలేదని ఒక కాగితం తమిళంలో టైపు చేయించి ఆమె ముందు పెట్టారు. నిదానంగా పూర్తిగా చదివింది. తెలుగులో సంతకం చేసింది. ఆఫీసులో చదవాలి, తమిళంలో పెట్టమన్నారు. కింద మళ్లీ తమిళంలో పెట్టింది. తాళాల గుత్తి బల్ల మీద పెట్టి వెళ్లింది. ఆ నెలాఖరున పని మానేసింది. తనిఖీకి వచ్చినవాళ్లు కంప్యూటర్‌ను మెచ్చుకుని పోయారు. లేని పుస్తకాలు జాబితాలో ఎందుకని కరస్పాండెంట్ అంటే, ఆ వివరాలన్నీ ఒకేసారి తీసేశాను. నాలుగు మీటలు నొక్కితే అయిపోయింది. ఆమె చదువుతుంటే నేను కొట్టడానికి మాకు మూడు నెలలు పట్టింది.

సరస్వతీ పూజ వచ్చింది. ఆరోజు పొద్దున్నే పిల్లలు పుస్తకాలు తెచ్చారు. అట్టల మీద పసుపు, కుంకుమ. కొన్నిటిని పాత చీర ముక్కల్లో చుట్టారు. లైబ్రరీ గదికి తాళం వేసి ఉంది. వాళ్లు వరండాలో వరుసగా నిలబడ్డారు. అటెండరు ఒక గోనెసంచి తెచ్చి అందులో వేయమన్నాడు. నేను ఒక పుస్తకం తీసి, దాని వెనక రాసి ఉన్న రిజిస్టరు నంబరు కంప్యూటర్‌లో కొట్టి చూశాను. ఆ నంబరుతో పుస్తకమేదీ లేదని వచ్చింది. ఇంకోటి కొట్టాను. అదీ లేదు. ఆమె చెప్పినవన్నీ నా కళ్లముందే ఇళ్లనుంచి నడిచి వచ్చి నిలబడి ఉన్నాయి. కంప్యూటర్ మాత్రం లేవంటోంది.

ఏడో క్లాసు అమ్మాయి ఒకతె నా దగ్గరికి వచ్చింది.

"సార్, మా అవ్వకి ఇంకా కొంచెం మిగిలుండాదంట. రేపు మళ్లా మాకే ఇస్తారా అని అడగమనింది."

"రేపు ఇయ్యరమ్మా."

"ఎప్పుడిస్తారు సార్?"

నేను జవాబు చెప్పేలోగా కరస్పాండెంట్ వచ్చారు. గోనెసంచి చూశారు. ఒక్క క్షణం ఆయన మొహంలో అనుమానం కదిలింది. ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు చెప్పేస్తాను అనుకున్నాను.

"చూసినావా?" అన్నారు. "ఆయమ్మ చేత సంతకం పెట్టించినామని తెలిసి, భయపడి తెచ్చి పడేస్తా ఉండారు."

"అవును సార్" అన్నాను.

ఆరోజు అందరూ తేలేదు. లైబ్రరీ మూసేశారని, టీచరు లేదని విని చాలా ఇళ్లవాళ్లు పుస్తకాలు తమ దగ్గరే ఉంచుకున్నారు. ఎవరికివ్వాలో తెలియక కొందరు, ఇస్తే ఏం అడుగుతారో అని కొందరు. దాంతో వచ్చినవి కొన్ని, రానివి ఎక్కువ అయ్యాయి. రానివి ఏమయ్యాయి అన్నప్పుడు పాత పేపర్ల కొట్టు మాట పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు. నేను కాదు. కానీ అది పుట్టడానికి చోటిచ్చింది నేనే.

ఆ మాట మా ఇంటిదాకా వచ్చింది. ఒకరోజు అన్నం పెడుతూ అమ్మ అడిగింది.

"ఆయమ్మ పుస్తకాలు అమ్ముకునిందంటా ఉండారు. నువ్వు ఆడే ఉండావు గదా. నిజమేనా?"

"నాకు తెలీదమ్మా."

"నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తాది?" అంది. ఇంకో గరిటె కూర వేసి లోపలికి వెళ్లింది.

మరుసటి ఏడాది అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు చదవద్దన్నారు. ఊరుకోలేక నాకు అక్షరాలు నేర్పిస్తానంది. నాకు రాదని ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు కదా, ఆమె దగ్గర దాచేదేమీ లేదు. పలక తెచ్చింది. నలభై ఏడేళ్లవాణ్ని ఆమె మంచం పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాను. "తమిళం దాని మాదిరే తిప్పుతావు, తిప్పద్దు" అని వేళ్ల మీద కొట్టేది. వీధిలోవాళ్లు కిటికీలోంచి చూసి, "ఏంపా, బడిలో చేరినావా? టిఫిన్ డబ్బా తెచ్చుకున్నావా?" అని నవ్వేవాళ్లు. ఏడాదికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఎందుకు నేర్చుకుంటున్నానో అమ్మకు చెప్పలేదు. ఆ నోటు పుస్తకం ఇంకా స్కూలు బీరువాలోనే ఉంది. అది నాకోసమే ఎదురుచూస్తున్నట్టు అనిపించేది, మంచికి మాత్రం కాదు.

ఒక మధ్యాహ్నం దాన్ని ఇంటికి తెచ్చుకుని చదివాను. కోడిగీతలు కాదు. గుండ్రటి, పొందికైన రాత. ప్రతి పేజీలో ఎడమవైపు ఇంటి పేరు, పక్కన పుస్తకం నంబరు, పేరు, వెళ్లిన తారీఖు, ఏ ఇంటినుంచి ఏ ఇంటికి మారిందో. ఒక్క వరుస ఖాళీ లేదు. కొన్నిచోట్ల చివర చిన్న అక్షరాలతో తన గుర్తుకోసం రాసుకున్నవి ఉన్నాయి. ఈ ఇంట్లో అవ్వకు కళ్లు కనబడవు, కోడలు చదివి వినిపిస్తుంది. ఇక్కడ తాత పోయాడు, పుస్తకం అడగవద్దు, వాళ్లే ఇస్తారు. ఈ ఇంట్లో పేజీలు మడుస్తారు.

మా ఇంటి వరుస కూడా ఉంది. అమ్మ పేరు కింద ఇలా రాసి ఉంది: 'కళ్లు తగ్గుతున్నాయి. కొడుకు మన స్కూల్లోనే, కానీ అతనికి తెలుగు చదవను రాదు. పెద్ద అక్షరాల పుస్తకాలు చూసి ఇవ్వాలి.' పక్కన తారీఖు. మేమిద్దరం కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టకముందు తారీఖు.

అంటే ఆమెకు మొదటినుంచీ తెలుసు. తెరను ఆమెవైపు తిప్పి సరేనా అని అడిగిన ప్రతిసారీ తెలుసు. కరస్పాండెంట్ గదిలో నేను వరుసల మీద వేలు జరుపుతున్నప్పుడూ తెలుసు.

ఆ వారం తిరుత్తణి వెళ్లాను. కొండకు పోయే దారినుంచి పక్కకు తిరిగిన ఒక సందులో వాళ్ల ఇల్లు. ఆమె చీరలకు ఫాల్ కుడుతోంది. నన్ను చూసి మిషన్ ఆపింది, కూర్చోమంది. అమ్మ ఎలా ఉందని అడిగింది. ఆపరేషన్ సంగతి చెప్పాను. తర్వాత మిగిలినదంతా చెప్పాను, ఏదీ దాచకుండా. నేను చెప్తున్నంతసేపూ ఆమె వేలికి చుట్టుకున్న దారం విప్పుతూ, చుట్టుతూ ఉంది.

"నాకు చదవను రాదని నీకు తెలుసు గదా అక్కా. ఆ పొద్దే సార్‌కి చెప్పుంటే అయిపోయేది" అన్నాను. అన్న వెంటనే, ఇందులో కూడా తప్పు ఆమె మీదికే తోస్తున్నానని తెలిసింది.

"ఆయనకి కూడా రాదు గదా నాయనా. ఆయన గదిలో నిలబడి, మీ ఇద్దరికీ రాదు, నేను చెప్పేదే నమ్మండి అనేదా? ఎవురు నమ్ముతారు?" అంది. వేలికున్న దారం తెంపి మళ్లీ అంది: "నీ మొగమే చూస్తా నిలబడినా. చెప్తావనుకున్నా. చివరిదాకా అనుకున్నా."

నేను కింద పడిన ఫాల్ గుడ్డ ఒకటి తీసి మిషన్ మీద పెట్టాను.

"పని పోతే పొయ్యింది" అంది. "ఆ పేటకి నేను పోలేను. అంతే నాకు. ఇరవై ఆరేండ్లు పొయ్యినా. ఏ ఇంటికి పోయినా లోపలికి రా అని కూర్చోబెట్టేవాళ్లు. మొన్న పెండ్లి పత్రిక ఇయ్యను ఒక ఇంటికి పోతే, గడపలోనే నిలబెట్టి మాట్లాడినారు. పాత పేపర్ల కొట్టులో ఎంతిచ్చినారని ఆ ఇంటాయన నవ్వతా అడిగినాడు."

"నేనేం చెయ్యాలక్కా?"

"నన్నడిగేదేముండాది? నాకు చెప్పింది వాళ్లకి చెప్పు. అందురూ చదివేట్టు తమిళంలో రాయి." మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. నేను లేచి నిలబడ్డాను. క్షమించానని ఆమె అనలేదు. ఆ మాట ఆమె నోట ఎలాగోలా అనిపించాలని మనసులో ఉన్నా, అడిగే ధైర్యం లేక వచ్చేశాను.

సాఫ్ట్‌వేర్‌లో వివరాలు తీసేయకముందు తీసిపెట్టిన కాపీ ఒకటి ఉంది. అందులోంచి, తీసేసిన పుస్తకాల వివరాలను మాత్రం తిరిగి ఎక్కించాను. ఈసారి నోటు పుస్తకం పక్కన పెట్టుకుని, చదువుకుంటూ, ఆనాటికి ఏ పుస్తకం ఎవరింట్లో ఉందో ఒక్కొక్కటీ చెప్పాను. రెండు నెలలు పట్టింది. పూర్తయ్యాక మళ్లీ అదే రిపోర్టు తీశాను. 'కనబడలేదు' అన్న జాబితా ఖాళీగా వచ్చింది. తెల్ల తెర. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇంకొక సంగతి కూడా ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అది తనంతట తాను రాసుకుంటుంది. పుస్తకాలు తీసేసిన రోజు, ఆ గంట, నా పేరుతో సహా అందులో ఉంది. దాన్నీ ప్రింటు తీశాను. జరిగింది తమిళంలో రెండు పేజీలు రాసి, ఇవన్నీ కలిపి కరస్పాండెంట్‌కు ఇచ్చాను. నోటీసు బోర్డులో పెట్టమని అడిగాను.

ఆయన మొత్తం చదివారు. ఒకచోట ఆగి రెండోసారి చదివారు. నోటు పుస్తకాన్ని తాను కూడా చదవలేక నావైపు తోశారని నేను రాసిన చోటు అనుకుంటాను.

"ఇప్పుడేంటికప్పా ఇదంతా?" అన్నారు. "ఆ గదిలో స్మార్ట్ క్లాస్ కూడా పెట్టేసినాము. పాతది తవ్వితే నీకే కష్టం."

"నాకు పరవాలేదు సార్."

"స్కూలుకి పరవాలేదా?" కాగితాలు మడిచి సొరుగులో పెట్టుకున్నారు. "ఆలోచిద్దాం" అన్నారు. ఏడాది కావస్తోంది. సొరుగులోనే ఉన్నాయి. నన్ను పనిలోంచి తీసేస్తారనుకున్నాను, తీయలేదు. తీయాలంటే కారణం చెప్పాలి కదా.

బోర్డు లేకపోతే పోనీ అని నేనే వీధుల్లోకి వెళ్లి చెప్పడం మొదలుపెట్టాను. నోటు పుస్తకంలోని ఇళ్ల వరుస ప్రకారమే వెళ్లాను. మొదట మా ఇల్లు. అమ్మకు చెప్పాను. "ఆయమ్మ ఇంటికి నన్ను తీసుకుపో" అంది. తీసుకుపోయాను. వాళ్లిద్దరూ లోపల మాట్లాడుకుంటుంటే నేను బయట అరుగు మీద కూర్చున్నాను. నన్ను లోపలికి పిలవలేదు.

మిగిలిన ఇళ్లలో కొందరు విన్నారు. ఇద్దరు ముగ్గురు లోపలికి వెళ్లి పుస్తకాలు తెచ్చి చూపించారు, ఇదిగో ఉండాది, మేమేమీ అమ్మలేదే అని, తప్పు వాళ్లమీద వేస్తున్నానేమోనని. ఒక అవ్వ, టీచరు మళ్లీ వస్తుందా అని అడిగింది. రాదని చెప్పాను. చాలామంది సగం వినేసరికి ఫోన్ చూసుకున్నారు. నాలుగేళ్లు చెప్పుకున్న మాట కంటే నేను ఇప్పుడు చెప్పేది పొడుగ్గా ఉంది. అందులో ఫోరం, రిపోర్టు, నోటు పుస్తకం ఉన్నాయి. పాత పేపర్ల కొట్టు మాట ఒకే ముక్కలో అయిపోతుంది.

మొన్న బస్టాండు దగ్గర టీ కొట్లో ఆ ఇంటాయన కనబడ్డాడు. ఆమెను గడపలో నిలబెట్టి ఎంతిచ్చినారని అడిగినాయన. ఆయన ఇంట్లో ఏ పుస్తకం ఉందో, అది ఎప్పుడు వెళ్లిందో, నంబరుతో సహా నాకు తెలుసు. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. టీ తాగుతూ ఓపిగ్గానే విన్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

"అదంతా సరే మామా" అన్నాడు. "ఏమీ చెయ్యకపోతే ఆయమ్మ ఏంటికి సంతకం పెట్టింది?"

ఇంకో టీ చెప్పి, ఆయన వైపు తిరిగి కూర్చుని, మళ్లీ మొదటినుంచి చెప్పాను.